పల్లెవెలుగు మోడ్‌కి 99 రూపాయలా?

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా గేమ్‌కి మన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు మోడ్ (గేమ్‌లో కొత్తగా చేర్చుకునే ఫైల్) చేశాను. రెండు నెలలు రాత్రిళ్లు కూర్చున్నాను. హారన్, బ్రేకు బుస్సుమనే చప్పుడు రికార్డ్ చేయడానికి మూడు సాయంత్రాలు నెహ్రూ బస్టాండ్‌లో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. 99 రూపాయలు పెడితే "మోడ్‌కి డబ్బులేంటి, సిగ్గులేదా" అని ఒకటే తిట్లు. కొన్నవాడొకడు ఆ ఫైల్ ఊరంతా పంచేశాడు. డబ్బు అడగడం తప్పా అండీ?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: తప్పేం కాదు తమ్ముడూ, కాస్త తొందరపడ్డావంతే. తిట్టేవాళ్లని వదిలెయ్, బెజవాడ ఎండలో చెరుకు రసానికి బేరమాడకుండా డబ్బిచ్చేవాడే ఫోన్‌లో బొమ్మ అనేసరికి ఊరికే రావాలంటాడు, కంటికి కనపడని చాకిరీకి మన దగ్గర ఎప్పుడూ రేటు లేదు. నా అనుమానం వేరే. హారన్ గురించి ఇంత రాశావు, చక్రాలు, డాష్‌బోర్డు ఊసే ఎత్తలేదేం? అవి ఎవరో ఉచితంగా పెట్టిన మోడల్‌లోంచి తెచ్చి అతికించావా?

2015 ఏప్రిల్‌లో వాల్వ్, బెథెస్డా అనే గేమ్ కంపెనీలు కలిసి స్కైరిమ్ అనే గేమ్ మోడ్‌లని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో అమ్మకానికి పెట్టి, గొడవ తట్టుకోలేక నాలుగు రోజులకే ఎత్తేశాయి. మోడ్ చేసినవాడికి దక్కేది 25 శాతమేనని జనం మండిపడ్డారు, అది న్యాయమైన కోపమే. కానీ ఒక చేపల వేట మోడ్ సంగతి చూడు: ఇంకొకరు ఊరికే ఇచ్చిన యానిమేషన్ పని మీద ఆధారపడిందని రచ్చయి, దాన్ని అమ్మకం నుంచి తీసేయాల్సి వచ్చింది. నీ డాష్‌బోర్డు అసలు యజమాని రేపు వచ్చి అడిగితే ఏం చెప్తావ్?

గేమ్ షరతులు కూడా ఒకసారి చదువు. మైన్‌క్రాఫ్ట్ గేమ్ వాళ్లు మోడ్ చేసుకోనిస్తారు, అమ్ముకోనివ్వరు. సిమ్స్ 4 గేమ్ వాళ్లు 2022లో చెప్పింది ఏంటంటే, ముందుగా కావాలన్నవాళ్ల దగ్గర కొన్నాళ్లు డబ్బు తీసుకోవచ్చు, ఆ తర్వాత అందరికీ ఉచితంగా వదలాలి. ఇక బస్సు మీద ఆర్టీసీ గుర్తు ఉందా? అది నీ సొత్తు కాదు, అమ్మే ఫైల్‌లోంచి తీసెయ్.

ఇంకోటి, 99 తీసుకున్నావంటే గేమ్ అప్‌డేట్ వచ్చి తలుపు బస్సు బయట గాల్లో వేలాడిన రోజున, నీకు సెమిస్టర్ పరీక్ష ఉన్నా సరే, కొన్నవాడు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడతాడు. ఊరికే ఇచ్చినప్పుడు "తీరిక దొరికాక చూస్తా" అనొచ్చు.

ఫైల్ పంచినవాణ్ణి నువ్వేం చేయలేవు, చెయ్యి దాటిపోయింది. నేనైతే బస్సు ఫ్రీగా వదిలేసి, మా ఊరి బోర్డు పెట్టు, మా నాన్న నడిపే బస్సు నంబరు వెయ్యి అని అడిగేవాళ్ల దగ్గర రెండు వందలు తీసుకుంటా. అలాంటివాళ్లు గుంటూరులోనే బోలెడుమంది దొరుకుతారు, వాళ్లు బేరం కూడా ఆడరు.

హారన్ ఫైల్ మాత్రం విడిగా ఎవరికీ ఇవ్వకు. డాష్‌బోర్డు ఎవరిదో తేల్చుకుని మళ్లీ రాయి.