బొమ్మరింటి మంచానికి, బీరువాకు ఏ చెక్క మంచిది?

చిత్తూరు నుంచి మీరడిగింది: పాప బొమ్మరింటికి మంచం, బీరువా, ఉయ్యాల చేయడానికి మిగిలిపోయిన టేకు ముక్కలు పనికొస్తాయా, ఏ కొలతలో చేయాలి, ఫెవికాల్ ఒక్కటే సరిపోతుందా అని. నేనుండేది తిరుపతిలో. వడ్రంగిని కాను. దసరా బొమ్మల కొలువులో పెట్టడానికని మొదలైన పని, ఇప్పుడు చుట్టాల పిల్లలందరికీ చేసిచ్చే దాకా వచ్చింది.

ముందు కొలత. బొమ్మరిళ్లకు ఎక్కువమంది వాడేది 1:12, అంటే అడుగుకు అంగుళం. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టిన లుటియెన్స్, 1921-24 మధ్య ఇంగ్లండు రాణి మేరీ కోసం తయారుచేయించిన బొమ్మరిల్లు కూడా ఇదే కొలత. మనకు ఇందులో సుఖమేమంటే లెక్కంతా నోటితోనే అయిపోతుంది. ఆరడుగుల మంచం ఆరంగుళాలు, రెండున్నర అడుగుల బల్ల రెండున్నర అంగుళాలు. కాకపోతే పాప దగ్గర ఉన్న బొమ్మ ఏదో చూసుకోండి. బార్బీ అయితే ఎత్తు పదకొండున్నర అంగుళాలు, ఆమెది 1:6 కొలత. పైన చెప్పినవన్నీ రెండింతలు చేయాలి, లేకుంటే మంచం మీద సగమే పడుతుంది.

పొడవు, వెడల్పు అందరూ సరిగ్గానే తీస్తారు. మందం దగ్గరే పని చెడుతుంది. ఇంట్లో బీరువా పలక ముప్పావు అంగుళం ఉంటుందనుకోండి, పన్నెండో వంతు చేస్తే 1.6 మిల్లీమీటర్లే. చేతికందింది కదా అని 6 మి.మీ. ప్లైవుడ్ వాడితే దాదాపు మూడంగుళాల మందం పలకలతో బీరువా కట్టినట్టు లెక్క. అంగళ్లలో అమ్మే బొమ్మ సామాను చాలావరకు మొద్దుగా కనిపించేది ఇందుకే. ఐస్‌క్రీం పుల్లలు చిన్నచూపు చూడకండి. రెండు మి.మీ. మందం ఉండే పుల్ల ఈ కొలతలో సుమారు అంగుళం పలకకు సమానం. కొసల గుండ్రం కోసేసి పక్కపక్కన అతికిస్తే మంచం పలకలకు అంతకంటే ఏం కావాలి?

ఇక టేకు. నిజం మంచానికి దానికి సాటి లేదు గానీ, ఆరంగుళాల మంచానికి వద్దంటాను. చెక్క చిన్నదైతే దాని చారలు, రంధ్రాలు చిన్నవైపోవు కదా. పెద్ద బల్ల మీద అందంగా కనిపించే ఆ గీతలే బొమ్మ బల్ల మీద గాట్లు పడినట్టుంటాయి. సన్నటి పోగు (చెక్కలోని నార) ఉన్న చెక్క కావాలి. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర అట్లాంటిదే. అంత దూరం పోనక్కర్లేదు, పెరట్లో జామ, కరివేపాకు చాలు. ముదిరిన కరివేపాకు కొమ్మ కొట్టేసినప్పుడు పారేయకండి, గట్టిగా, నున్నగా వస్తుంది. పచ్చి కొమ్మకు రెండు కొసలా కొవ్వొత్తి మైనం పూసి నీడన ఆరబెట్టాలి. తేమ కొసల్లోంచే తొందరగా పోతుంది, అక్కడ మూయకపోతే పగుళ్లిస్తుంది. మన ఎండలకు మిద్దె మీద పెట్టారో, ఇక పొయ్యిలోకే.

చివర్లో ఎర్రచందనం తుంపులు దొరుకుతాయా అని కూడా ఒక మాట వేశారు. శేషాచలం పక్కనే ఉండేవాళ్లం, ఆ జోలికి పోవద్దు. కాగితాలు లేని ముక్క ఎవరిచ్చినా తీసుకోకండి. ఎర్రచందనంతో చేసే మరపాచి బొమ్మల జత కావాలంటే రశీదిచ్చే అంగట్లో కొనుక్కోండి.

ఫెవికాల్ గట్టిదే, అతికించే చోటే తేడా. మంచం పట్టెను కోళ్లకు (మంచం కాళ్లకు) అతికించేటప్పుడు పట్టె కొస, అంటే అడ్డంగా కోసిన ముఖం, జిగురునంతా పీల్చేస్తుంది. ఆడుకునేటప్పుడు ఊడేది అక్కడే. సన్న డ్రిల్లు బిట్టును చేత్తోనే తిప్పి బెజ్జం వేసి, వెదురు టూత్‌పిక్ ముక్క మేకులా దించండి. ఇనుప మేకులు కొట్టకండి, చీలిపోతుంది. కోళ్లు ఎప్పుడూ పోగు వెంబడే కోయాలి, అడ్డంగా కోసిన కోడు వేలితో నొక్కితే విరుగుతుంది. కోయడానికి నగలపని వాళ్లు వాడే సన్న రంపం బాగుంటుంది. జిగురు ఆరే దాకా బట్టల క్లిప్పులు పెట్టి, మూలమట్టం ఆనించి చూసుకోండి.

అతికించక ముందే ముక్కలన్నీ గరుకు కాగితం పట్టి రంగు వేసేయండి, అతికే చోటు మాత్రం వదిలి. జిగురు పైకి ఉబికి ఆరిన చోట పాలిష్ పట్టదు, తెల్ల మచ్చలా మిగులుతుంది. నేనైతే చిక్కటి కాఫీ డికాషన్ పూసి, ఆరాక స్పిరిట్ పాలిష్ పలచగా ఒక పూత వేస్తాను. మెరుపు ఎక్కువైతే ప్లాస్టిక్ సామానులా కనిపిస్తుంది.

ఉయ్యాలకు గిల్టు నగల అంగట్లో సన్న గొలుసు అడగండి, కొలతకు సరిగ్గా కుదురుతుంది. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం వాళ్లకు అందనీయకండి, ఏదైనా నోట్లోకే పోతుంది.

బీరువా తలుపులకు బందుల కోసం వెతకొద్దు. పాతకాలం ఇళ్ల తలుపులు కిందా పైనా మొనల మీదే తిరిగేవి కదా, అదే పద్ధతి. గుండుసూది ముక్కలు రెండు, తలుపు పైఅంచున ఒకటి, కింది అంచున ఒకటి గుచ్చి, బీరువా పలకల్లో వాటికి ఎదురుగా బెజ్జాలు వేయండి. సూదులున్న వైపు తలుపు అంచును గుండ్రంగా రుద్దాలి, లేకపోతే పక్క పలకకు తగులుకుని తలుపు తెరుచుకోదు.