ల్యాబ్‌లో పెంచిన అరటి కణాలకు రేడియేషన్ ఇస్తారట, ఎందుకు? ఆ పండు తినొచ్చా?

తినొచ్చు. గామా కిరణాలు మొక్కలోంచి దూసుకెళ్లిపోతాయి, లోపల మిగలవు. ఎక్స్‌రే తీయించుకున్న మనిషిని ముట్టుకోవడానికి మనం భయపడం కదా!

ఇక ఎందుకంటే, మనం తినే అరటికి గింజ ఉండదు. మామూలు మొక్కల్లా సంకరం చేసి కొత్త రకం తీయడం చాలా కష్టం. అందుకే కణంలోని డీఎన్‌ఏని కిరణాలతో కొద్దిగా కదిలించి, ఏదైనా మంచి మార్పు తగులుతుందేమోనని వెతుకుతారు.

నేను ఒక టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో మూడేళ్లు ఈ పని చేశాను. మన రైతులు జీ-9 అనే గ్రాండ్ నైన్ పిలకల నుంచి షూట్ టిప్పులు, అంటే మొక్క పెరిగే చివరి మొనలు, కోసి, సీసాల్లో పెంచి, గామా కిరణాలు వదిలే కోబాల్ట్-60 ఉన్న గామా చాంబర్‌లో పెట్టేవాళ్లం. నిమిషాల పని. రేడియేషన్ మోతాదుని గ్రేల్లో కొలుస్తారు. 20 గ్రే బ్యాచ్ ఏమీ ఎరగనట్టు పెరిగింది. 40 గ్రే బ్యాచ్‌లో సగానికి పైగా నల్లబడి చచ్చిపోయాయి. ఆ రెండు వారాలూ రోజూ పొద్దున్నే సీసాలు చూడాలంటే టెన్షన్.

అసలు తిప్పలు ఆ తర్వాతే. షూట్ టిప్‌లో బోలెడు కణాలుంటాయి, కిరణం ఏ రెండు మూడింటినో మారుస్తుంది. అప్పుడు ఒకే మొక్కలో మారిన కణాలు, మారనివి కలిసి ఉంటాయి. దీన్నే కైమీరా అంటారు. విడదీయడానికి కనీసం మూడు నాలుగు సార్లు సబ్‌కల్చర్ చేయాలి, అంటే పిలకలు విడదీసి కొత్త సీసాల్లో మళ్లీ పెంచాలి. మేం తొందరపడి రెండుతో ఆపేశాం. పొలంలో ఒక్క పొట్టి చెట్టు కనిపిస్తే ల్యాబంతా స్వీట్లు పంచుకున్నాం. దాని పిలక నాటితే మామూలు జీ-9 లాగే ఏపుగా పెరిగింది! షూట్ టిప్ బదులు ఒక్కో కణం నుంచి ఒక్కో మొక్క వచ్చే సెల్ సస్పెన్షన్ (ద్రవంలో తేలుతూ పెరిగే కణాలు) వాడితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. కానీ అరటిలో అది తయారు చేయడానికే నెలలు పడుతుంది, అదీ మగ పువ్వు మొగ్గల నుంచి.

ఓపిక పట్టినవాళ్లకి దొరికింది. గ్రాండ్ నైన్‌కి 60 గ్రే ఇచ్చి తీసిన రకాన్ని మలేషియాలో నొవారియా పేరుతో విడుదల చేశారు, అది తల్లి కంటే ముందే గెల వేస్తుంది. మన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల కావేరీ వామన్ అనే రకం కూడా జీ-9 నుంచి వచ్చిందే. పొట్టిది కాబట్టి ఈదురుగాలికి అంత తేలిగ్గా పడదు. మాకు చేజారింది సరిగ్గా ఆ లక్షణమే.