అలాస్కా ఓడ ఎక్కబోయే బిడ్డకు పెద్దమ్మ ఉత్తరం

హన్మకొండ

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, మే నెలల మీరు నలుగురు సియాటెల్‌ల ఓడ ఎక్కి అలాస్కా పోతున్నరని. మస్తు సంబురమైంది. మన ఇంట్ల సముద్రం మీద పోయేది నువ్వే మొదలు. ఫోన్ పెట్టేసినంక మాత్రం బుగులు పట్టుకున్నది. పెద్దోనికి నాలుగేండ్లు, చిన్నదానికి 14 నెలలు. నువ్వు పెరిగింది మే నెలల పొద్దుగాల పదింటికే బయట కాలు పెట్టలేని ఊర్ల. డల్లాస్‌ల చలి చూసిన్నంటవు, గని ఆడ ఇంట్లకెల్లి కార్లకు, కార్లకెల్లి దుకాన్లకు పోవుడే. ఓడ మీద గాలికి ఎదురుంగ నిలబడాలె. అందుకే రాస్తున్న. కోపం చేసుకోకుండ మొత్తం చదువు.

ముందుగాల కాయితాలు. సియాటెల్‌ల ఎక్కి మల్ల సియాటెల్‌లనే దిగే ఓడలు నడుమ కెనడాల ఆగుతయి, ఎక్కువగ విక్టోరియాల. 1886ల చేసిన చట్టం ఒకటి ఇప్పటికీ నడుస్తున్నది. పరాయి దేశం జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల్నే తిప్పి తెస్తమంటే కుదరదు, నడుమ వేరే దేశపు రేవు ఒకటి తాకాలె. పిల్లలిద్దరికి అమెరికా పాస్‌పోర్టులున్నయి, వాళ్లకు ఫికర్ లేదు. నీకు, అల్లునికి ఇంక గ్రీన్ కార్డు రాలేదు గద, మీ ఇద్దరికి కెనడా వీసా కావాలె. ఆడ దిగం, ఓడల్నే కూసుంటం అన్నా ఇనరు. నాతోని దవాఖానల పనిచేసిన సిస్టర్ ఒకామె కొడుకు ఇది తెల్వక పెండ్లాం పిల్లలతోని రేవు దాక పోయి వాపస్ వచ్చిండు. అల్లుడు వీసాకు పెట్టిండో లేదో ఇయ్యాల్నే అడుగు. మల్ల అమెరికాలకు రావడానికి ఏ కాయితాలు కావాల్నో మీ వకీలును సుత అడుగున్రి.

రూమ్ ఓడ నడుమ భాగంల, కింది అంతస్తుల తీసుకుంటే ఊగుడు తక్కువ. అల్లుడు బాల్కనీ కావాలంటున్నడట. వద్దనను, పిల్లలతోని లోపల కూసొని మంచుకొండలు చూడొచ్చు. గని ఆ బాల్కనీల కుర్చీలు, చిన్న టేబుల్ ఉంటయి. పెద్దోడు స్టూలు జరుపుకొని మీ వంటింట్ల డబ్బాలు దించిండని నువ్వే చెప్పినవు. రూమ్‌ల అడుగు పెట్టంగనే ఆ కుర్చీలు తీసుకపొమ్మని ఆడి పనోళ్లకు చెప్పు. బాల్కనీ తలుపు ఎప్పుడూ గడియ పెట్టే ఉండాలె. నువ్వు స్నానానికి పోయినా, పిల్లలు పండుకున్నా సరే. ఈ ముక్క అల్లునికి చదివి వినిపియ్యి.

ఇగ అసలు సంగతి. మీ పెద్దన్నకు రెండున్నరేండ్లప్పుడు మీ పెదనాయనకు నౌకరీల ఎల్టీసీ, అంటే ప్రయాణం ఖర్చు, వస్తే మనాలి పోయినం. కాజీపేటల ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, ఆణ్నుంచి బస్సు. మా అత్తమ్మ సుత వచ్చింది. రోహ్‌తంగ్ కనుమ చూద్దామని ఒకనాడు పొద్దుగాల బయలెల్లినం. అది 13,000 అడుగుల ఎత్తు. హోటల్లనే మా అత్తమ్మ పిలగానికి కాటన్ బనీను తొడిగి, దాని మీద రెండు అంగీలు, రెండు స్వెటర్లు, మంకీ క్యాప్, పైకెల్లి శాలువ చుట్టింది. పైకి పోయినంక ఏద్దామత్తా అన్న. "చలి తగిలినంక ఏసి ఏం లాభం" అన్నడు మీ పెదనాయన. ఆ రోజులల్ల అత్త మాట మీద, మొగని మాట మీద ఇంకో మాట ఎక్కడిది.

బస్సుల అద్దాలన్ని మూసిన్రు. సందు లేకుండ జనం. పిలగాడు గునిసిండు, శాలువ గుంజి పారేసిండు, టోపీ పీకిండు. పీకినప్పుడల్లా మల్ల తొడిగిన్రు. మొండితనం చేస్తున్నడని అందరు అనుకున్నరు. వానికి ఉక్కపోస్తున్నది, చెప్పుకునే మాట రాదు.

పైన దిగినం. మంచు చూసి వాడు సుత నవ్విండు, గుప్పిట్ల పట్టుకున్నడు. జరసేపైనంక ఉలుకు లేదు పలుకు లేదు, మీ పెదనాయన భుజం మీద తల వాల్చిండు. "అలిసి పండుకున్నడు, లేపకున్రి" అన్నది అత్తమ్మ. చెంపలు ఎర్రగున్నయి, మంచిగనే ఉన్నడనుకున్నరు. నేను అప్పటికే పిల్లల వార్డుల డ్యూటీలు చేస్తున్న. నా మనసు ఒప్పలే. మెడ ఎనుకకెల్లి అంగీ లోపలికి చెయ్యి పెట్టిన. బనీను నానిన తువ్వాల తీరు తడి. వీపు సల్లగ. బస్సుల పోసిన చెమట అంత లోపల్నే నిలిచి, పైన గాలి తగలంగనే ఒంట్ల వేడిని గుంజేసింది. అన్ని స్వెటర్లు ఉండి ఏమొచ్చింది.

ఛాయ్ దుకాణంలకు ఉరికిన. తడి బట్టలన్ని ఇడిసి, తువ్వాలతోని ఒత్తి, వాన్ని నా ఒంటికి ఆనించుకొని, ఇద్దరి మీద శాలువ కప్పిన. ఎవరో చేతులు రుద్దబోయిన్రు, వద్దన్న. ఒంటికి ఒళ్లే వేడి. జరసేపటికి వాడు వణికిండు, అటెన్క గట్టిగ ఏడ్చిండు. ఆ ఏడుపు ఇన్నంకనే నా పానం కుదుటపడ్డది. కండ్లు తెరిచి మంచిగ మింగుతున్నడని చూసుకొని గోరువెచ్చటి పాలల్ల చక్కెర ఏసి తాగిపిచ్చిన. మా అత్తమ్మ ఆ దుకాణం బల్ల మీద కూసొని కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. ఆమెది ప్రేమే బిడ్డా. మన దిక్కు పుట్టినోళ్లకు చలంటే బట్టలు ఎక్కువెయ్యాలన్నదే తెలుసు, తడి సంగతి తెల్వదు.

గందుకే నీకు ఇంత రాస్తున్న. పిల్లల ఒళ్లు చిన్నది, బరువుకు తోలు ఎక్కువ, వేడి తొందరగ పోతది. కాటన్ తడిని పట్టుకుంటది, ఇడువది. ఒంటికి తగిలే బట్ట సన్నటి ఉన్నిదో, చెమట గుంజి పారేసే పాలిస్టర్‌దో కొను. దాని మీద మెత్తటి వెచ్చటి ఫ్లీస్ బట్ట, పైన వానకు, గాలికి తట్టుకునే జాకెట్. మూడు పొరలు చాలు. ఓడ లోపల హీటర్లతోని వెచ్చగుంటది, ఆడ ఒక్క పొరనే ఉంచు. మిగిలినయి డెక్కు తలుపు కాడ తొడుగు, లోపలికి రాంగనే ఇడువు. రోజుకు ఇరువై సార్లైనా సరే, ఇసుక్కోకు.

ఆడ మే నెలల పగటి పూట 10 నుంచి 14 డిగ్రీలుంటది. వినడానికి పెద్ద చలి అనిపియ్యది. గని ఓడ గంటకు 37 కిలోమీటర్లు పోతుంటే ఆ 10 డిగ్రీలు ఒంటికి 6 లెక్క తాకుతయి. అలాస్కాల కెచికాన్ అనే రేవు ఊర్ల ఏడాదికి దగ్గర దగ్గర 150 అంగుళాల వాన పడుతది. మన ఓరుగల్లుకు 40 పడితే చెరువులు నిండుతయి. ఆడ గొడుగు నమ్ముకోకు, రబ్బరు బూట్లు కొను. ఒక్కొక్కరికి ఇంకో జత బట్టలు, సాక్సులు ప్లాస్టిక్ కవర్ల పెట్టి ఎప్పుడూ నీ సంచిల ఉంచు. గ్లేసియర్ బేల ఓడ రేవుకు ఆగది, రోజంత మంచుకొండల నడుమ తిరుగుతది. బయట పది నిమిషాలు, లోపల అద్దాల కాడ అర్ధగంట, అట్ల మార్చుకుంట చూపియ్యున్రి.

చిన్నదాన్ని బేబీ క్యారియర్ల కట్టుకుంటే నువ్వు నడుస్తుంటవు, నీకు వెచ్చగుంటది. అది కదలకుండ ఉంటది, కాళ్లు గాలికి వేలాడుతుంటయి. మాటిమాటికి దాని మెడ ఎనుక చెయ్యి పెట్టి చూడు. చేతులు సల్లగుంటే ఏం భయం లేదు, పిల్లలకు అవి ఎక్కువగ సల్లగనే ఉంటయి. వీపు, రొమ్ము సల్లగైతేనే గాబరపడాలె. ఏడిస్తే, వణికితే ఒళ్లు పనిచేస్తున్నట్టు. సప్పుడు లేకుండ మబ్బుగ వాలిపోతే నిమిషం ఆగకు, లోపలికి తీసుకపో, ఓడల డాక్టరును పిలువు.

మందుల ముచ్చట. మీ అమ్మ బస్సు ప్రయాణమంటే అందరికి అవోమిన్ గోలి ఇస్తది. చిన్నదానికి ఇయ్యొద్దు. అది ప్రోమెథజీన్, రెండేండ్ల లోపు పిల్లలకు ఊపిరి మందగించే ప్రమాదముంటది. పెద్దోనికి సుత మీ డాక్టరును అడగకుండ ఏదీ ఇయ్యకు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకో. ఓడలల్ల వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ తొందరగ పాకుతది, చేతులకు రాసే జెల్లు దానికి సరిగ్గ పనిచెయ్యది. తినే ముందు సబ్బు పెట్టి కడిగియ్యి. మీ ఇన్సూరెన్సు ఓడల వైద్యానికి, ఆపదల హెలికాప్టర్ల తీసుకపోవడానికి పనికొస్తదా అడిగి తెలుసుకో.

డైపర్ ఉన్న పిల్లలను ఈత కొలనుల దిగనియ్యరు, పిల్లల క్లబ్బుల సుత ఎక్కువ ఓడలల్ల మూడేండ్లు దాటి డైపర్ మానినోళ్లనే తీసుకుంటరు. చిన్నది మీ చేతులల్లనే ఉంటది, ఒప్పుకొని పో. రైస్ కుక్కర్ పెట్టుకోకు, పట్టుకొని పక్కన పెడ్తరు. అన్నం, పెరుగు అడిగితే ఇస్తరు. రాత్రి తొమ్మిదిన్నరకు సుత వెలుతురుంటది, తెరలు గట్టిగ మూసి పిల్లలను రోజూ పండుకునే టైముకే పండుకోబెట్టు.

ఇన్ని రాస్తే భయపెట్టిన్ననుకునేవు. పో బిడ్డా, తప్పకుండ పో. నువ్వు చిన్నప్పుడు భద్రకాళి చెరువు గట్టు మీద కూసొని, అవుతల ఏముంది పెద్దమ్మా అని అడుగుడే పని. నీ పిల్లలకు నువ్వే చూపిస్తున్నవు, నాకు అదే సంబురం.

మీ ఆడబిడ్డ వచ్చే నెల డల్లాస్ వస్తున్నదట గద. ఆమెతోని ఉన్ని సాక్సులు పంపుత, అల్లడం మొదలువెట్టిన. ఇద్దరి పాదాలు కాయితం మీద పెట్టి గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపు. ఆమె బయలెల్లే లోపే పంపు, లేటు చెయ్యకు. వీసా సంగతి ఏమైందో అదే ఫోటో కింద రాయి.

మీ పెద్దమ్మ