ఆరో మాటలో ఒక్క అక్షరం

పర్లాకిమిడి

అమ్మాయికి ఆశీస్సులు.

డీఎన్ఏ గురించి పత్రికకని నువ్వు రాసి, రాయగడ నుంచి పంపిన వ్యాసం అందింది. మొదటి పుటలోనే ‘డీఎన్ఏ మన జీవితానికి బ్లూప్రింటు’ అని చదివి, ఒళ్లు మండి కాగితాలు పక్కన పడేశాను. బ్లూప్రింటులో వంటగది ఎక్కడుందో మేస్త్రీ వేలు పెట్టి చూపిస్తాడు. డీఎన్ఏలో ముక్కు ఎక్కడుందో చూపించు, చూద్దాం! అది బొమ్మ కాదమ్మా, మన కణాల్లో ఉండే రాత. ఏ, టీ, జీ, సీ అని నాలుగే అక్షరాలు. ఆ రాత రెండు పోగుల్లో ఉంటుంది; ఏకు టీ, జీకి సీ జత కనుక ఒక పోగు దొరికితే రెండోది రాసుకోవచ్చు. ప్రొటీన్ల సంగతి రాసినచోట మూడేసి అక్షరాలకు ఒక మాట. మొత్తం 64 మాటల్లో 61 ప్రొటీన్లను కట్టే ముక్కలైన అమైనో ఆమ్లాలకు, 3 ‘ఇక ఆపు’ అనడానికి. కణం ఆర్ఎన్ఏ అనే ప్రూఫు తీసుకుని చదువుకుంటుంది.

ప్రూఫు అంటే గుర్తొచ్చింది. కుర్రతనంలో అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చేవాడిని. ఒక శుభలేఖలో ‘విందుకు దయచేయండి’ అన్నచోట ‘వి’ బదులు ‘మ’ పడింది. బంధువులందరినీ మందుకు పిలిచాం! పెళ్లికూతురి తండ్రి కర్ర పట్టుకుని వచ్చాడు. నాకు సగం నెల జీతం పోయింది.

సాయంత్రం మళ్లీ తీస్తే ఎనిమిదో పుటలో, ఎవరూ చూడకూడదన్నట్టు, ఒక వాక్యం: ‘మా తమ్ముడికి సికిల్ సెల్. నొప్పి వచ్చిన రాత్రి అమ్మ నిద్రపోదు.’ మూడుసార్లు చదివాను. అది నెత్తురు జబ్బు. నెత్తురులో ఆక్సిజన్ మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్; దాని బీటా గొలుసు రాతలో ఆరో మాట జీఏజీ కావాలి, జీటీజీ పడింది. దానితో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ అనే మరొకటి వచ్చిందని 1957లో వెర్నన్ ఇన్‌గ్రమ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆక్సిజన్ వదిలాక ఆ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుంటుంది, నెత్తురులోని ఎర్రకణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. అమ్మ ఇచ్చిన ప్రతిలోనూ నాన్న ఇచ్చిన ప్రతిలోనూ అదే తప్పు పడింది కనుకే మీ తమ్ముడికి ఆ నొప్పి. ఇదంతా వదిలేసి 300 కోట్ల అక్షర జతలంటూ మొదట్లోనే అంకెలు గుప్పిస్తే ఎవరు చదువుతారు?

ఇంకొకటి. ‘ఆనువంశిక సమాచార భాండాగారం’ కొట్టేయి. పూర్వం నేను ‘నెత్తురు’ అని రాస్తే ‘రుధిరం’ అని దిద్దిన సంపాదకుడు ఒకాయన ఉండేవాడు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఆ మాట నా పేరు కింద చూసుకుని, రెండేళ్లు ఆ పత్రికకు రాయలేదు. ఆయన దెయ్యం నిన్నెలా పట్టిందో!

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత. తమ్ముడి నొప్పిని మీ అమ్మ ఏ మాటతో చెబుతుందో నువ్వు రాయనేలేదు. అడిగి, ఆ మాటతో మొదటి పుట మళ్లీ రాసి పంపు.