సొర పిందెలు రాలిపోవడానికి కారణం

కూకట్‌పల్లిలో అయిదో అంతస్తు మిద్దెతోటలో సొరతీగకు పూలు విరగబూస్తున్నా పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయని, ఎరువు మార్చాలా అని మీరు అడిగారు. తీగ ఏపుగా ఉందంటున్నారు కనుక లోపం ఎరువులో కాక పరాగసంపర్కంలో, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరడంలో ఉండవచ్చు. సొరలో మగపూలు, ఆడపూలు వేరువేరు; మొగ్గ దశలోనే కింద బుల్లి కాయ కనిపించేది ఆడపువ్వు. ఈ తెల్లని పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి, పగటి తేనెటీగల కంటే మకరందం కోసం రాత్రి తిరిగే శలభాలే వీటికి ముఖ్య ఆధారం. అంత ఎత్తుకు అవి తగినన్ని రాకపోవచ్చు. పొద్దుగూకాక మగపువ్వు రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే భాగమైన కీలాగ్రమంతటా మెల్లగా అద్దండి. వేపనూనె మాత్రం పూలు విచ్చే వేళ చల్లవద్దు. పక్కన గుమ్మడి ఉంటే, దాని పూలు తెల్లవారుజామునే విచ్చుకుంటాయి కనుక వాటికి పుప్పొడి అద్దే పని ఉదయమే చేయాలి.