జోనల్‌కి వెళ్తున్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

టేబుల్ టెన్నిస్ జోనల్ ర్యాంకింగ్ టోర్నీకి అండర్-13లో నీ ఎంట్రీ పంపారని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆడినదాన్ని, తర్వాత ఏళ్ల తరబడి అంపైర్ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. బంతి ముందుకు తిరిగేలా టాప్‌స్పిన్ ఎలా కొట్టాలో మీ కోచ్ గారు చూసుకుంటారు. రోజూ ఆడే టేబుల్ దగ్గర నీకు ఎదురుకానివే నేను చెబుతాను.

అన్నిటికంటే ముందు సర్వీస్. ప్రాక్టీస్‌లో అంపైర్ ఉండరు కదా, బంతిని లేపీ లేపనట్టు లేపి కొట్టేయడం పిల్లలందరికీ అలవాటైపోతుంది. రూల్ ప్రకారం అరచెయ్యి తెరిచి ఉండాలి. బంతి చేతిని వదిలాక కనీసం 16 సెంటీమీటర్లు దాదాపు నిటారుగా లేవాలి. కొట్టేదాకా టేబుల్ అంచుకి వెనకే ఉండాలి, ఎదుటివాళ్లకి కనిపిస్తూ ఉండాలి. అనుమానం వస్తే అంపైర్ మొదటిసారి హెచ్చరిస్తారు, మళ్లీ అలాగే చేస్తే పాయింటు పోతుంది. తప్పు స్పష్టంగా ఉంటే హెచ్చరిక కూడా ఉండదు. ఆ ఒక్క పాయింటుతో ఆగితే పరవాలేదు. ఆ తర్వాత చెయ్యి బిగుసుకుపోతుంది, వచ్చిన సర్వీస్ కూడా పడదు. బాగా ఆడే పిల్లలు అలా చేజేతులా గేమ్ వదులుకోవడం ఎన్నిసార్లు చూశానో! ఈరోజు నుంచే పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుని చూసుకో. బంతి తల ఎత్తు దాకా లేస్తే ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు.

మ్యాచ్‌కి ముందు ఎదుటి అమ్మాయి బ్యాట్ అడిగి చూడు. అది నీ హక్కు, మొహమాటం వద్దు. రెండు వైపులా బొటనవేలితో రాసి చూడు. పొడుగు బొడిపెలు తగిలితే లాంగ్ పింపుల్స్ అన్నమాట. ఏ రంగు వైపు ఉన్నాయో గుర్తుపెట్టుకో, మధ్యలో బ్యాట్ తిప్పి ఆడేవాళ్లుంటారు. వాటి మీద నువ్వు టాప్‌స్పిన్ కొడితే బంతి బ్యాక్‌స్పిన్‌తో, అంటే వెనక్కి తిరుగుతూ, వస్తుంది, మళ్లీ అలాగే కొడితే నెట్‌లో పడుతుంది. బ్యాక్‌స్పిన్‌తో మెల్లగా నెట్టి పుష్ చేస్తే తేలుతూ వస్తుంది, ఇంకోసారి పుష్ చేస్తే ఎత్తుగా లేచి వాళ్లకి స్మాష్ అందించినట్టే. కంగారుపడకుండా స్పిన్ లేని బంతిని లోతుగా పంపు, అది సాదాగానే వస్తుంది. అప్పుడు కొట్టు. మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ బ్యాక్‌హ్యాండ్ కూడా పింపుల్స్‌దే. ఆమె వీడియోలు చూస్తే ఎదుటివాళ్లు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో అర్థమవుతుంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ప్లేయర్ సున్ యింగ్‌షాతో శ్రీజ ఆడిన మ్యాచ్ తప్పకుండా చూడు. మొదటి రెండు గేముల్లోనూ గేమ్ పాయింట్లు, అంటే ఇంకొక్క పాయింటుతో గేమ్ గెలిచే అవకాశాలు, శ్రీజ చేతిలోనే ఉన్నాయి, రెండూ 10-12తో పోయాయి. అంత పెద్ద ప్లేయర్‌కే చివరి పాయింటు అంత కష్టమైతే నీకు టెన్షన్ రావడంలో వింతేముంది? 10-10 అయ్యాక సర్వీస్ ఒక్కో పాయింటుకీ మారుతుంది. అక్కడ కొత్త ప్రయోగాలు వద్దు, నిద్రలో లేపినా వేయగలిగే సర్వీసే వెయ్యి.

మ్యాచ్ మొత్తానికి టైమౌట్ ఒక్కటే, అదీ ఒక్క నిమిషం. వరసగా మూడు నాలుగు పాయింట్లు పోతున్నప్పుడే తీసుకో, పూర్తిగా మునిగాక తీసుకుని లాభం లేదు. సింగిల్స్‌లో నువ్వొకటి, కోచ్ ఒకటి అంటే నీ మాటే చెల్లుతుంది. మీ నాన్నని మాత్రం కోచ్ కుర్చీలో కూర్చోనివ్వకు. నీకంటే ఆయనకే టెన్షన్ ఎక్కువ, ఆ ముఖం చూస్తే నీకూ అంటుకుంటుంది.

బంతి గాలికి కదులుతుందని హాల్లో ఫ్యాన్లు ఆపేస్తారు, చెమట ధారగా కారుతుంది. ప్రతి 6 పాయింట్లకీ టవల్ తీసుకోవచ్చు, అవసరం లేదనిపించినా తీసుకో, ఊపిరి కుదుటపడుతుంది. టీషర్టులు నాలుగైదు పెట్టుకో. బంతి తెల్లది కాబట్టి తెల్లవి వద్దు. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, కడుపు నిండా అన్నం తినకు. ఇడ్లీ, అరటిపండు చాలు.

రెండో బ్యాట్‌కి కూడా అదే రబ్బరు వేయించి, వెళ్లేలోగా వారం రోజులైనా దాంతో ఆడు. అనుకోకుండా పాడైపోతే తప్ప మ్యాచ్ మధ్యలో బ్యాట్ మార్చనివ్వరు. ఆ అవసరం వచ్చిందంటే చేతికి అలవాటైనదే కావాలి. పుట్టినతేదీ సర్టిఫికెట్ ఒరిజినల్ మీ అమ్మ బ్యాగులో పెట్టించు. నువ్వు ఏ గ్రూపులో పడ్డావో చెప్పే డ్రా రాగానే నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ