లోకల్ కేబుల్ ఛానళ్లు ఎందుకు పోయాయి? తెనాలిలో నేను చూసింది

సాయంత్రం పూట ఊరి వార్తలు చెప్పే లోకల్ కేబుల్ ఛానళ్లు ఏమైపోయాయి, యూట్యూబ్ రావడం వల్లే మూతపడ్డాయా అని అడిగారు. తెనాలిలో అలాంటి ఒక ఛానల్‌లో కెమెరా, ఎడిటింగ్ రెండూ చాలా ఏళ్లు చూశాను కాబట్టి చెబుతున్నా, యూట్యూబ్ కంటే ముందే మా పని అయిపోయింది. ఇళ్లకి సిగ్నల్ మోసే కేబుల్ వైరు వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లడమే అసలు కారణం.

1991 తర్వాత, గల్ఫ్ యుద్ధం, స్టార్ టీవీ రోజుల్లో, ఊరూరా డిష్‌లు లేచాయి. 1995లో కేబుల్ చట్టం వచ్చినా ఆపరేటర్ హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకుంటే సరిపోయేది. కంట్రోల్ రూమ్‌లో ఒక్కో ఛానల్‌కి ఒక మాడ్యులేటర్ (వీడియోని కేబుల్‌లో ఒక ఫ్రీక్వెన్సీ మీదకి ఎక్కించే పెట్టె) ఉండేది, ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీలో ఇంకొకటి పెట్టి దానికి వీసీఆర్ తగిలిస్తే అదే లోకల్ ఛానల్. మొదట్లో సినిమాలే వేసేవాళ్లు, వార్తలు తర్వాత మొదలయ్యాయి. పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లే కెమెరామెన్లు. డబ్బులు స్క్రోలింగ్ మీద వచ్చేవి: ఆషాఢం సేల్, కాలేజీ అడ్మిషన్లు, పుట్టినరోజు ఫోటోలు, నాయకుల పండగ శుభాకాంక్షలు. జీతాలు తక్కువే అయినా ఆగకుండా వచ్చేవి.

ఆ ఛానల్ విలువ ఏంటో 2009 అక్టోబరు వరదల్లో చూశాను. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. పెద్ద ఛానళ్లన్నీ మునిగిపోయిన కర్నూలునీ, బ్యారేజీనీ చూపిస్తున్నాయి, అది వాళ్ల పని, తప్పు పట్టను. కానీ కొల్లిపర, కొల్లూరు వైపు లంకల్లో చుట్టాలున్నవాళ్లకి కావాల్సింది అది కాదు కదా, ఏ రోడ్డు తెగింది, ఏ స్కూల్లో జనాన్ని దించారు, ఏ ఊరికి పడవ వెళ్లింది, ఇవి కావాలి. అవి మేం చెప్పాం. లంకల్లో కరెంటు లేదు, అక్కడివాళ్లు మమ్మల్ని చూడలేదు, చూసింది తెనాలిలో ఉన్న వాళ్ల పిల్లలు, అక్కాచెల్లెళ్లు. ఆఫీసు ఫోన్ రాత్రంతా మోగుతూనే ఉంది. నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గర్వంగా అనిపించేది అదే.

తర్వాత డిజిటైజేషన్, అంటే పాత అనలాగ్ కేబుల్ తీసేసి సెట్‌టాప్ బాక్స్‌తో డిజిటల్‌కి మార్చడం. 2011లో చట్టం మార్చారు, మాలాంటి పట్టణాలు మూడో దశలో పడ్డాయి, గడువు 2015 డిసెంబరు 31. కోర్టు స్టేలతో ఇంకొన్నాళ్లు సాగింది. సెట్‌టాప్ బాక్స్ వచ్చాక సిగ్నల్ ఎక్కడో పెద్ద ఎంఎస్‌ఓ (చాలామంది ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ) హెడ్‌ఎండ్‌లో, అంటే దాని కంట్రోల్ రూమ్‌లో, ఎన్‌క్రిప్ట్ అయి (తాళం పడి) వస్తుంది, మన ఊరి ఆపరేటర్ దాన్ని ఇళ్లకి చేర్చి నెలకి డబ్బులు వసూలు చేసుకోవడమే, మధ్యలో తన ఛానల్ దూర్చడానికి వీల్లేదు. మా ఫీడ్ కూడా ఆ హెడ్‌ఎండ్‌కి వెళ్లాలి, దానికి ఫైబర్ లైను, వీడియోని డిజిటల్‌గా మార్చే ఎన్‌కోడర్, పైగా మా ఛానల్‌ని మోసినందుకు నెలనెలా క్యారేజీ ఫీజు. మమ్మల్ని అడిగిన ఫీజు మా యాడ్స్ ఆదాయం కంటే ఎక్కువ. కొన్నాళ్లు కట్టినా ఎక్కడో మూడంకెల నంబరులో పడేశారు, రిమోట్‌తో అంత దూరం ఎవరు వెళ్తారు? షాపులవాళ్లు యాడ్స్ తగ్గించారు, ఓనరు అప్పు చేసి జీతాలిచ్చి చివరికి ఆపేశాడు. యూట్యూబ్‌ని అందరి ఫోన్లలోకి తెచ్చిన జియో వచ్చింది 2016 సెప్టెంబరులో, అప్పటికే చాలా ఇళ్లలో మేం కనపడటం లేదు.

మళ్లీ పెట్టొచ్చా అంటే, 2022 నవంబరు మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి ఛానళ్లని ఎంఎస్‌ఓయే వెయ్యి రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించాలి, లోకల్ వార్తలు వెయ్యాలంటే కంపెనీ అయి ఉండాలి. ఫీజు తక్కువే, కానీ వైరు లేని చిన్నవాడికి దారి లేదు. యూట్యూబ్‌లో పెట్టుకోవడమే నయం.

ఒక్క మాట అడుగుతాను. మీ ఊళ్లో అలాంటి ఛానల్ నడిపినవాళ్లు తెలిస్తే అప్పటి కెమెరాల్లో వాడిన పాత మినీ డీవీ టేపులు పారేయొద్దని, వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించమని చెప్పండి. ఆ టేపులు ఆడే కెమెరాలు, వాటిని కలపడానికి కావాల్సిన ఫైర్‌వైర్ పోర్టున్న కంప్యూటర్లు దొరకడం ఇప్పటికే కష్టంగా ఉంది, టేపులకి బూజు కూడా పడుతోంది.